తువ్వాలు వేసిన సీటు

గొడవ తువ్వాలు దగ్గర మొదలైంది.

మా ఆయన జయచంద్ర స్నానం చేసి వచ్చి, దండెం మీద చేతికందిన తువ్వాలు లాగి మొహం తుడుచుకున్నారు. దాని అంచున నీలం దారం కుట్టి ఉంది. నీలం మామగారిది. మా ఆయనది ఎరుపు, అత్తగారిది ఆకుపచ్చ, ఆడపడుచు మునిలక్ష్మిది పసుపు, నాది తెలుపు. ఎవరిది వాళ్లకు తెలియాలని ఆ కుట్లన్నీ నేనే వేశాను.

"అది మామది" అన్నాను.

"తువ్వాలే గదా, పంచె కాదు గదా" అని ఆయన నవ్వారు.

పొయ్యి దగ్గర నీళ్లు కాస్తున్న మా అత్తగారు బయ్యమ్మ అక్కడి నుంచే అందుకుంది. "ఏం మే వరలక్ష్మీ, మదనపల్లె కాలేజీలో సదివింది ఇదేనా? మా అత్తోళ్లింట్లో పద్నాలుగు మందిమి ఒక్క తుండుతోనే తుడుసుకునేటోళ్లం. ఎవురికేమైంది? ఇంటికి ఇన్ని తువ్వాళ్లంట, వాటికి రంగులంట. ఎన్నికల గుర్తులు మాదిరి!"

"నా గుర్తు మార్చొద్దండీ, ఓడిపోతాను" అన్నారు మా ఆయన. తల్లీకొడుకులు నవ్వుకున్నారు. నేను నవ్వలేదు. నీలం తువ్వాలు తీసి ఉడకపెట్టే గిన్నెలో వేశాను.

అత్తగారు నవ్వుతూనే ముక్కు చీదింది, కొంగుతో తుడుచుకుంది. పురిటి గదిలోకి వెళ్లి పసిబిడ్డను ఒళ్లోకి తీసుకుంది. బిడ్డ మెడ మడతలో ఒక పొక్కు చిట్లి చెమ్మగా ఉంది. "అయ్యో నా తల్లీ" అని అదే కొంగుతో అద్దింది.

నేను గుమ్మంలో నిలబడి చూశాను. నా చదువంతా ఆ కొంగు చివర వచ్చి ఆగినట్టయింది.

మునిలక్ష్మిని కుప్పం ఇచ్చారు. రెండో కాన్పుకు మా పుంగనూరు వచ్చింది. మొదటి కాన్పూ ఇక్కడే, మా పెళ్లికి ముందు. ఆ బిడ్డ పేరు పెట్టకముందే పోయింది. పుట్టిన కొన్నాళ్లకు రొమ్ము దగ్గర వాచి, ఎర్రబడి, చీము పట్టి, జ్వరం వచ్చిందట. దిష్టి అన్నారు, పక్షిదోషం అన్నారు. ఇప్పుడీ ఆడపిల్లకు కూడా మెడలోనూ చంకల్లోనూ చీముపొక్కులు లేస్తున్నాయి. ఎవరూ పైకి అనలేదుగానీ అందరం బిడ్డ రొమ్ముకేసే చూస్తున్నాం. మునిలక్ష్మి అయితే పాలిచ్చినప్పుడల్లా బిడ్డ జుబ్బా పైకెత్తి చూసి, మళ్లీ కప్పేది.

పుంగనూరు డాక్టరు మందు రాసి, స్నానం నీళ్లలో మూతెడు కలపమని క్రిములు చంపే లోషన్ సీసా ఒకటి ఇచ్చాడు. పొక్కులు మాడాయి. మందు అయిపోయాక మళ్లీ లేచాయి, ఈసారి ఇంకా ఎక్కువ. అత్తగారు మూత లెక్క వదిలేసి లోషన్ నీళ్లు పాలరంగుకు తిరిగేదాకా పోయడం మొదలుపెట్టింది. ఇల్లంతా ఆస్పత్రి వాసన. బిడ్డ ఒళ్లు ఎండిన ఉల్లిపొరలా చిట్లింది. అయినా పొక్కులు ఆగలేదు.

మా వీధిలో పసిబిడ్డలకు నీళ్లు పోయడంలో అత్తగారి చేయి పేరుపడ్డది. కాళ్లు చాపి, బిడ్డను వాటి మీద బోర్లించి, ఆముదం పట్టించి, ఎర్రగా అయ్యేదాకా రుద్దేది. తర్వాత వెల్లకిలా తిప్పి, ఆడపిల్లయినా మగపిల్లాడయినా చనుమొనలు రెండూ పిండేది. పిండకపోతే పెద్దయ్యాక గడ్డలు కడతాయని నమ్మకం. చివరగా బిడ్డ ముక్కు మీద నోరు ఆనించి గట్టిగా ఊదేది. ముక్కులో నీళ్లు పోవాలి, ముక్కు సూటిగా రావాలి. "నేను ఊదిన ముక్కులు సూడుపో, కత్తిపీటల మాదిరి ఉండాయి" అని ఆమె గర్వం. బాలింత ఒళ్లు పచ్చిది, బిడ్డ బరువు మోయకూడదని పాలకు తప్ప మునిలక్ష్మికి ఇచ్చేది కాదు. పగలంతా బిడ్డ అమ్మమ్మ పక్కలోనే.

డిగ్రీలో మాకు చెప్పిన పాఠం ఒకటి నాకు గుర్తుంది. చీముపొక్కులు తెచ్చే స్టాఫిలోకాకస్ అనే బాక్టీరియా చాలామంది ముక్కుల్లో ఏ బాధా పెట్టకుండా కాపురం ఉంటుంది. ఆ మనిషికి ఏమీ కాదు. ఆ మనిషి చేయి తగిలిన పసిబిడ్డకు అవుతుంది. ఎవరి ముక్కన్నది చూసి చెప్పలేం. నేను అనుమానంతో ఒకరి మీద వేలు పెట్టదలచుకోలేదు. పరీక్ష కావాలి.

నాతో చదివిన జరీనా మదనపల్లెలో ఒక ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తోంది. వెళ్లి చెబితే, దూది చుట్టిన పుల్లలు గాజుగొట్టాల్లో పెట్టి ఇచ్చింది. ముక్కు లోపల తిప్పి, మళ్లీ గొట్టంలో పెట్టి, అదే రోజు పంపమంది.

ఇంట్లో చెప్పగానే మా ఆయన నవ్వు ఆగిపోయింది. "ఇంటిల్లిపాది ముక్కులు పరీక్షకు పంపేదా? పుంగనూరు బస్టాండులో నన్ను ఆపి అడుగుతారు."

"అడగనీ. బిడ్డ రొమ్ము వాచాక అడిగితే ఏం చెప్తారు?"

ఆయన పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

మామగారు కృష్ణప్ప మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుని తల వెనక్కి వాల్చారు. "తియ్యమ్మా. ఈ వయసులో నా ముక్కులో ఏముంటాది, నశ్యం తప్ప."

నిజంగానే దూది గోధుమరంగుకు తిరిగి వచ్చింది. అత్తగారు ఆఖరున ఒప్పుకుంది. "నా ముక్కులో ఏముందో నువ్వు సెప్పేదేంది మే? నలబై ఏండ్లుగా నేనే మోస్తాండా దాన్ని" అంటూనే నిలబడింది. మా ఆయన ముక్కులోనూ, నా ముక్కులోనూ తీసుకున్నాను. మునిలక్ష్మి ముక్కులోదే కాక ఆమె రొమ్ము మీది చర్మం నుంచి కూడా ఒకటి తీశాను. బిడ్డ పొక్కు నుంచి ఒకటి. గొట్టాలకు పేర్లు రాయలేదు. తువ్వాళ్లకు కుట్టిన దారాలే కట్టాను. బిడ్డదానికి మాత్రం ఏమీ కట్టలేదు. నేను పెందలాడే లేచి చద్దిమూట కడుతుంటే మా ఆయన వచ్చి గొట్టాల సంచి తీసుకున్నారు. "నేనే పోతాలే. నువ్వు వాళ్ళ ముక్కులు కాసుకో" అన్నారు.

నాలుగు రోజుల తర్వాత ఫలితం చూడ్డానికి నేను వెళ్లాను. పుంగనూరు బస్టాండులో బస్సు ఆగీ ఆగకముందే జనం కిటికీల్లోంచి తువ్వాళ్లు, కండువాలు, ఒకాయన కొత్తిమీర కట్ట లోపలికి విసిరారు. నేను ఎక్కేసరికి ఒక్క సీటూ లేదు. మనుషులింకా కిందే టీ తాగుతున్నారు, సీట్లలో తువ్వాళ్లు కూర్చున్నాయి. మదనపల్లె దాకా నిలబడే వెళ్లాను. ల్యాబులో అడుగు పెట్టగానే జరీనా దగ్గర ఆ ఏడుపే ఏడ్చాను.

"అరె, నీ ఏడుపులోనే నీ పాఠముంది, రా" అని నన్ను కిటికీ దగ్గరికి లాక్కుపోయింది.

బల్ల మీద గాజుపళ్లేలు. ఒక్కోదానికి నా దారం ముక్క అంటించింది. చాలావాటిలో సగ్గుబియ్యం గింజంత తెల్లటి చుక్కలు గుంపులుగా ఉన్నాయి. రెండింటిలో మాత్రం చుక్కలు పెద్దవి, కోడిగుడ్డు సొనలాంటి పసుపు రంగువి.

"దారం లేనిది బిడ్డ పొక్కు" అంది జరీనా. "రెండోది సూడు. వేరే పరీక్ష కూడా సేసినా. రెండూ ఒకటే జాతి. ఆకుపచ్చ దారం ఎవరిది?"

"మా అత్తగారిది."

"ఆమే నీళ్లు పోసేది?"

"ఆమే."

జరీనా నా మొహం చూసి గొంతు తగ్గించింది. "ఆమె తప్పేముంది? ఆమెకు తెలుసా? మంచి మనుషుల ముక్కుల్లోనే ఉంటాది ఇది. డాక్టర్ల ముక్కుల్లో ఎంత దొరుకుతాదో నాకు అడుగు." తర్వాత ఇంకో పళ్లెం చూపించింది. మధ్యలో తెల్లటి గీత, దానికి రెండువైపులా పసుపు చుక్కలు. కానీ పసుపు చుక్కలు గీత దాకా రాలేదు. మధ్యలో వేలి మందాన ఖాళీగా, శుభ్రంగా ఉంది.

"ఆ తెల్లది యాడిదనుకున్నావ్? నీలం దారంది."

"మామగారిదా?"

"ఏం తింటాడో ఏమో. పసుపుదాన్ని దగ్గరికి రానీయలా."

నవ్వు ఆపుకోలేకపోయాను. "నశ్యం పీలుస్తారు."

"నశ్యంది కాదులే ఆ గొప్ప. సూడు వరలక్ష్మీ, మన ఒంటి మీద ఊరికే పడుండే తెల్లవి ఉంటాయే, వాటికి మనతో పేచీ లేదు. తిండి అవే తింటాయి, చోటు అవే పడతాయి. కొన్ని ఇట్ల పక్కోడిని తరిమే సరుకు కూడా వదుల్తాయి. పుట్టిన బిడ్డ ఒళ్లు ఖాళీ బస్సు. ఎవరు ముందు తువ్వాలేస్తే వాళ్లది సీటు. మీరేం సేస్తాండారు? రోజూ లోషన్‌తో బస్సంతా కడిగి ఖాళీ సేస్తాండారు. కడిగిన వెంటనే వాకిట్లో నిలబడి ఉండేది ఎవరు? మీ అత్త ఊపిరి."

"అయితే మామగారి తెల్లదాన్ని..."

"చుప్! అది ప్లేటు. పసిబిడ్డ ప్లేటు కాదు. బయటి దేశాల్లో ఆస్పత్రుల్లో సాధువైన రకం ఒకదాన్ని బిడ్డల ముక్కులో కావాలనే పెట్టి సూసినారంట. శానా సార్లు పనిచేసింది. ఒకటి రెండు సార్లు ఆ సాధువే తిరగబడింది. నువ్వు మీ మామ ముక్కులోది తీసి బిడ్డకు పూస్తానంటే నీతో మాట్లాడను. పసుపు దారం తల్లిది కదా? ఆమె ముక్కులోవీ, రొమ్ము మీదవీ సూడు, అన్నీ తెల్లవే. బిడ్డను ఆ తల్లికి ఇచ్చేయండి. ఆ రొమ్ము మీద పడుండనీ. అంతే."

జరీనా ఆ ఫలితాన్ని తమ డాక్టరమ్మకు చూపించింది. ఆమె లోషన్ ఆపమంది. మందు మార్చి, పొక్కులు మాడినా సరే చివరి చుక్క దాకా తాపమంది. అత్తగారి ముక్కుకు పూసుకోను మలాం రాసింది. చనుమొనలు పిండే సంగతి చెబితే కలం ఆపి నా వైపు చూసింది. "ఆ పని ఇప్పుడే ఆపండి" అంది.

నేను ఇంటికొచ్చేసరికి అత్తగారు పెరట్లో చెనిక్కాయలు ఒలుస్తోంది. ఆమెకు ముందు చెప్పాలి, ఒంటరిగా చెప్పాలి అని దారంతా అనుకున్నాను. ఎదురుగా పీట వేసుకుని కూర్చుని నేనూ ఒలుస్తూ చెప్పాను. తగ్గించీ చెప్పలేదు, పెంచీ చెప్పలేదు.

"నా ముక్కులో విషముండాదంటావ్."

"విషం కాదత్తా. మీ ముక్కులో ఉన్నన్నాళ్లూ దానికి మీతో గొడవ లేదు. బిడ్డ ముక్కులోకి ఊదితే గొడవ."

"ఈ వీదిలో ఎంతమంది బిడ్డలకు ఊదినా నేను! వాళ్లంతా సచ్చిపోయినారా?"

"లేదు. అందరికీ పట్టదు. ఈ బిడ్డకు పట్టింది."

కాయ పగలగొట్టే చేయి ఆగింది. తర్వాత ఆమె అడిగిన మాటకు నేను సిద్ధంగా లేను.

"అయితే మొదటి బిడ్డ కూడానా?"

లేదత్తా అంటే సరిపోయేది. ఆ మాట నాలిక చివరి దాకా వచ్చింది. కానీ అలా అంటే రేపు ఆమె మళ్లీ ఊదుతుంది. అవునంటే అది నాకు తెలియని మాట.

"తెలీదత్తా. ఆ బిడ్డకు ఎవరూ పరీక్ష చేయలేదు. ఇక ఎవరూ చెప్పలేరు."

ఆమె లేచింది. ఒడిలోని గింజలన్నీ నేలపాలయ్యాయి. "సదువుకున్నదానివి గదా, బాగా సెప్పినావు. రేపు నీళ్లు నేనే పోస్తా. నా కూతురు బిడ్డ. ఎవురు అడ్డమొస్తారో సూస్తా."

"నేను వస్తాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నన్ను పుట్టింటికి పంపినా సరే, గుమ్మంలో అడ్డం కూర్చుంటాను."

పెద్ద గొంతులు విని మునిలక్ష్మి కిటికీ దగ్గరికి వచ్చింది. నేను లోపలికి వెళ్లి ఆమెకూ అంతా చెప్పాను, బస్సు మాటతో సహా. ఆమె ఎప్పుడూ ఎవరికీ ఎదురు చెప్పని మనిషి. అన్నీ విని ఒక్కటే అడిగింది.

"వదినా, నా ఒళ్లు బాగుండాదా? నిజం సెప్పు. అందరూ పచ్చి ఒళ్లు, మైల ఒళ్లు అంటాండారు."

"నీ ఒళ్లే ఈ ఇంట్లో ఆ బిడ్డకు అన్నింటికన్నా మంచి చోటు."

మునిలక్ష్మి వెంటనే లేచింది. బిడ్డ పక్క తీసి తన మంచం మీద వేసుకుంది. పొద్దున అత్తగారు నీళ్లు కాచి గదికి వస్తే తలుపు లోపల గడియ. పిలిచినా తీయలేదు. నేను అడ్డం కూర్చునే అవసరమే రాలేదు. అత్తగారు కాగిన నీళ్లు చల్లారేదాకా గుమ్మంలోనే నిలబడి, తర్వాత పాదుకు పోసేసింది.

ఆ మధ్యాహ్నమే కుప్పం నుంచి మునిలక్ష్మి భర్త గోవిందరాజులు దిగాడు. అల్లుడొచ్చాడని కోడిని కోశారు. మామగారు, మా ఆయన, అతను వంటింట్లో వరసగా కూర్చున్నారు. సంగటి ముద్దలు, పులుసు, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి వడ్డించాను. అత్తగారు స్తంభానికి ఆనుకుని విసనకర్ర పట్టుకుంది.

అతను ముద్దలో గుంట చేసి పులుసు పోసుకుంటూ మొదలుపెట్టాడు. "మా అమ్మ సెప్పి పంపింది మామా. ఈ ఇంట్లో నీళ్లు మాకు అచ్చిరాలేదంట. రేపు పలమనేరు మీద పోయే బస్సుకు తల్లినీ బిడ్డనీ తీసుకుపోతాండా. ఉయ్యాల పండగ ఆడనే సేస్తాం. ఆడ మా మంగమ్మత్త ఉండాది. ఆమె పోస్తాది నీళ్లు. ఆమె చేతిలో పడ్డ బిడ్డలు ఇనుపగుండ్లు."

"ఆమె బిడ్డ ముక్కు ఊదుతుందా అన్నయ్యా?" అని అడిగాను.

"ఊదకుండా యాల ఉంటాదమ్మా? ఊదందే నీళ్లు పోసినట్టా?"

"రొమ్ము పిండుతుందా?"

అతను మామగారి వైపు చూశాడు, ఆడవాళ్ల ముందు ఇదేం ప్రశ్న అన్నట్టు. మా ఆయన తల దించుకుని నవ్వు మింగారు.

"అచ్చిరాలేదని మీ అమ్మ అనిందా?" అంది అత్తగారు. విసనకర్ర ఆగిపోయింది. "నా చెయ్యి అచ్చిరాలేదనా?"

"నేననలేదత్తా. అమ్మ అనింది."

అత్తగారు తిరగబడుతుందని అందరం అనుకున్నాం. ముక్కు చీదుకోబోయి కొంగు అందుకుని, వదిలేసింది. లేచి వెళ్లి దండెం మీది ఆకుపచ్చ దారం తువ్వాలు తీసుకుని, దాంతో తుడుచుకుంది.

అప్పుడు పురిటి గది గడియ తీసిన చప్పుడైంది.

మునిలక్ష్మి బయటికి వచ్చింది. పురుడు ఇంకా తీరలేదు, వంటింటి గడప తొక్కకూడదు. కొంగు కింద, జాకెట్టు విప్పిన రొమ్ముకు ఆనించి బిడ్డను కట్టుకుంది. బిడ్డ నల్లటి తల మాత్రం కొంచెం కనిపిస్తోంది.

"యాడికొస్తాండావే? మైల!" అంది అత్తగారు. గొంతులో పాత బలం లేదు.

మునిలక్ష్మి గడప దాటింది. నేరుగా వచ్చి మామగారి పక్కన నేల మీద కూర్చుంది. ఆయన తన కంచం జరుపుకుని చోటిచ్చారు.

"నేను కుప్పం రాను" అంది భర్తతో. "ఈ బిడ్డ పొక్కులన్నీ మాడి, మందు చివరి చుక్క అయిపోయి, మదనపల్లె డాక్టరమ్మ సరేననేదాకా రాను. మీ అమ్మకు కోపమొస్తే రానీ. మంగమ్మత్త ఆడనే ఉండనీ. ఉయ్యాల పండగ ఆగుతాది, బిడ్డ ఆగదు."

గోవిందరాజులు చేతిలోని ముద్ద కంచంలోకి జారింది. "మరి నీళ్లు ఎవురు పోస్తారు?"

"నేను. లోషన్ లేదు, ఊదేది లేదు, పిండేది లేదు. ఒట్టి గోరువెచ్చని నీళ్లు." ఆమె తల్లి వైపు తిరిగింది. "అమ్మా, నీళ్లు నువ్వు కాచి పెట్టు, నీ మాదిరి ఎవురికీ రాదు. చెయ్యి మాత్రం నాది. ఒక బిడ్డను మీకందరికీ ఇచ్చి సూసినా. దీన్ని ఇయ్యను."

కొంగు కింద బిడ్డ చిన్నగా మూలిగి, తల్లి ఒంటికి ఇంకా దగ్గరగా దూరింది.

"వదినా, నాకు ఈడనే కంచం పెట్టు" అంది మునిలక్ష్మి.